ఆస్తుల రిజిస్టరులో ఏసోబు తల

జూన్ 30, సోమవారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు మునగలేరు మునిసిపాలిటీ తన వాల్వు ఆపరేటరు గంధం ఏసోబు తలను ఆస్తుల రిజిస్టరులో ఎక్కించుకుంది. 211వ పేజీ. పైన రోడ్డు రోలరు ఉంది, కింద చెత్త తోపుడుబళ్ళు ఉన్నాయి. మధ్యలో రాసింది ఇది: "తల, ఒకటి. స్థితి: వాడకంలో ఉంది."

రిజిస్టరులో ఎక్కిన ప్రతి వస్తువు మీదా నంబరు రాయాలి. స్టోర్ కీపర్ గోవర్ధన్ తెల్ల పెయింటు డబ్బా, కుంచె పట్టుకుని వచ్చాడు. ఏసోబు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"యాడ రాస్తావు సామీ?" అని అడిగాడు.

"కుర్చీకైతే వెనకాల రాస్తాం. బీరువాకైతే పక్కన," అన్నాడు గోవర్ధన్. "తలకి రాయడం ఇదే మొదలు."

పావుగంట చర్చ జరిగాక తలపాగా మీద రాయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. తలపాగా ఏసోబు సొంతం కనుక దాని మీద రాసిన నంబరు చెల్లదని ఆ తర్వాత అభ్యంతరం వచ్చింది. దానికి జవాబు ఇంకా తయారవుతోంది.

మునగలేరులో ఇరవై ఏడు వార్డులున్నాయి. నీళ్ళ పైపుల మీద నూట అరవై నాలుగు వాల్వులున్నాయి. ఊరంతటికీ ఒకేసారి నీళ్ళు చాలవు కాబట్టి సగం ఊరికి ఒకరోజు, మిగతా సగానికి మర్నాడు వదులుతారు. తెల్లారి ఐదింటికి ఏసోబు ట్యాంకు దగ్గర బయల్దేరి, వాల్వు కీ భుజాన పెట్టుకుని, వీధి వీధీ తిరిగి తిప్పుకుంటూ పోతాడు. కీ అంటే నాలుగడుగుల ఇనప కడ్డీ. పైన పట్టుకోవడానికి అడ్డపిడి, కింద వాల్వుకు తగులుకునే గూడు ఉంటాయి. వాల్వులు రోడ్డు కింద ఉన్నాయి. రోడ్డు వేసినప్పుడల్లా అవి మూడేసి అంగుళాలు లోపలికి పోయాయి. పైన జానెడు రాతిపలక, దాని మీద దుమ్ము. తెలిసినవాళ్ళకు తప్ప కనబడవు. తెలిసినవాడు ఒక్కడే. ముప్పై మూడేళ్ళుగా అతనే.

పైపులు వేసిన కాంట్రాక్టరు 1986లో గుడ్డ మీద గీసిన నక్షా ఒకటి ఇచ్చాడు. అది రికార్డు గదిలో ఉండేది. 1998 వానలకు ఆ గది కప్పు కారితే, కారే చోట నక్షాను నాలుగు మడతలు పెట్టి కుక్కారు. కారడం ఆగింది. ఆ సంగతి రాసిన కాగితం ఫైలులో ఉంది. నక్షా లేదు.

ఈ లోటు జూన్ 23న బయటపడింది. ఏసోబుకు ఆ నెలాఖరుతో పదవీ విరమణ. అతని పింఛను కాగితాల్లో "బాధ్యతలకు సంబంధించిన పత్రాలు ఎవరికి అప్పగించారు?" అని ఒక గడి ఉంది. నీటి సరఫరా చూసే అసిస్టెంట్ ఇంజనీరు సుధీంద్ర అతన్ని పిలిపించాడు.

"ఏసోబూ, నక్షా ఏదయ్యా?"

"నక్షా యాడిది సార్. అంతా ఈడనే ఉంది," అని ఏసోబు కణత మీద వేలు పెట్టుకున్నాడు.

సుధీంద్ర గడిలో రాశాడు: తల.

ఆ కాగితం కమిషనర్ ఉమాకాంతం దగ్గరికి వెళ్ళింది. కమిషనర్ అంతకు రెండు వారాల ముందే రాజధానిలో "మెదడు కేంద్రంగా పట్టణ పాలన" అనే రెండు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చారు. ఆయన నోట్సు పుస్తకంలో ఆ శిక్షణవి రెండు పేజీలున్నాయి. విదేశంలో ఒక నగరంలో టాక్సీ నడపాలంటే వేల వీధులు కంఠతా రావాలని, అలా నేర్చుకున్నవాళ్ళ మెదడుకు స్కాన్ తీస్తే హిప్పోకాంపస్ అనే భాగం వెనక వైపు మామూలు కంటే పెద్దదిగా కనిపించిందని, నడిచిన దారులు మెదడులో పటంలా నిలుస్తాయని అందులో ఉంది. "పటం" అనే మాట కింద మూడు గీతలున్నాయి.

కమిషనర్ సుధీంద్రను పిలిచారు.

"నక్షా లేదని ఎవరన్నారు?"

"ఫైలులో లేదు సార్."

"ఉంది. ప్రింటు తీయలేదు, అంతే."

జూన్ 26న ఏసోబును ఆఫీసు జీపులో జిల్లా కేంద్రానికి తీసుకెళ్ళి స్కానింగు చేయించారు. సుధీంద్ర స్కేలు, ట్రేసింగు కాగితం వెంట తీసుకెళ్ళాడు. ఏసోబు మెషీనులోంచి బయటికి రాగానే, లోపల చప్పుడు ఎలా ఉందని నర్సు అడిగింది.

"ఆరో వార్డు పైపులో గాలి పట్టినప్పుడు ఇట్టాగే మోగుద్దమ్మా," అన్నాడు. "ఆడ వాల్వు రెండు చుట్లు వదులు చేస్తే పోయిద్ది. దీనికి యాడుందో వాల్వు."

ఫిల్ము చూసిన డాక్టర్ శశిరేఖకూ సుధీంద్రకూ మధ్య మాటలు జరిగాయి.

"ఇందులో పద్నాలుగో వార్డు ఎక్కడుంటుంది డాక్టర్ గారూ?"

"ఇది మెదడండీ."

"అవునండీ. మెదడులో ఎక్కడ?"

డాక్టరు కుర్చీ ముందుకు లాక్కున్నారు. "చూడండి. ఈ భాగం ఎంతుందో ఫిల్ము చెబుతుంది. అందులో ఏ వీధి ఉందో చెప్పదు. అడుగు అడుగూ నడిచి నేర్చుకున్నది కొంత, చేతికీ కాలికీ అలవాటైపోయింది ఇంకొంత. రెండూ మెదడులో వేరు వేరు చోట్ల ఉంటాయి. ఆయన కూర్చుంటే చెప్పలేకపోవచ్చు, నడిస్తే చెబుతాడు. ఆయన్ని నడవనివ్వండి. వెనకాల ఇంకో మనిషిని నడిపించండి. నెల రోజుల్లో ఆ మనిషికీ వస్తుంది. అంతకు మించి దారి లేదు."

సుధీంద్ర అంతా రాసుకున్నాడు. ఆఫీసుకు వచ్చాక నివేదికలో ఇలా రాశాడు: "పరిమాణం తృప్తికరమని వైద్యురాలు తెలియజేసియున్నారు."

ఫిల్ము టౌన్ ప్లానింగ్ విభాగానికి వెళ్ళి రెండు అభ్యంతరాలతో తిరిగొచ్చింది. ఒకటి, ఉత్తర దిక్కు చూపలేదు. రెండు, స్కేలు ఇవ్వలేదు. సుధీంద్ర అదే రోజు జవాబు పెట్టాడు. "స్కానింగు సమయమున సదరు ఉద్యోగి తూర్పునకు తల యుంచి వెల్లకిల పరుండియున్నాడు. కావున ఉత్తరము కుడిచెవి వైపుగా గ్రహించగలరు. తల చుట్టుకొలత ఇరువది రెండు అంగుళములు. పట్టణ చుట్టుకొలత పదకొండు కిలోమీటర్లు. కావున అంగుళమునకు అర కిలోమీటరు."

అభ్యంతరాలు తొలగిపోయాయి.

జూన్ 29, ఆదివారం నాడు ఫిల్మును పన్నెండు అడుగుల ఫ్లెక్సీగా వేయించి, ఆఫీసు ఎదురుగా రోడ్డు వారన ఇనప చట్రంలో నిలబెట్టారు. చట్రం కాళ్ళకు గుంటలు తీసి సిమెంటు పోశారు. కౌన్సిలర్లు వచ్చి చూశారు. పద్నాలుగో వార్డు కౌన్సిలర్ పద్మజ చాలాసేపు వెతికారు.

"సార్, మా వార్డు ఏదండీ?"

కమిషనర్ కర్రతో చూపించారు.

"నల్లగా ఉందేంటి?"

"సరఫరా తక్కువున్న ప్రాంతం అమ్మా."

"చూశారా! రెండేళ్ళ నుంచి నేను మొత్తుకునేది అదే కదా. ఆ మనిషి తలలో కూడా మా వార్డుకి నీళ్ళు లేవు," అని ఆమె అక్కడికక్కడే వినతిపత్రం రాసిచ్చారు. నలుపు తగ్గించాలని అందులో ఉంది. మూడో వార్డు పుర్రె ఎముక మీద పడిందని తేలింది. రెండో దశలో దాన్ని లోపలికి తీసుకుంటామని కమిషనర్ హామీ ఇచ్చారు.

ఫ్లెక్సీ నకలు మాత్రమే. అసలు ప్రతి ఏసోబు భుజాల మీద ఉంది, అది మర్నాడు సాయంత్రం ఇంటికి వెళ్ళిపోతుంది. ఈ సంగతి కమిషనర్‌కు ఆదివారం రాత్రి భోజనాల వేళ తట్టింది. అందుకే సోమవారం రిజిస్టరు తెప్పించి, తల గురించి ఒక ఉత్తర్వు కూడా ఇచ్చారు. ఉత్తర్వులో నాలుగు అంశాలున్నాయి. "సదరు తల పట్టణ పరిధి దాటరాదు. సదరు తలను ఎండలో ఉంచరాదు. ఇందు నిమిత్తం స్టోరు నుండి గొడుగు ఒకటి జారీ చేయడమైనది. సదరు తలతో కొత్త దారులు నేర్వరాదు. పాత సమాచారం చెరిగిపోవు ప్రమాదం కలదు. నక్షాను పై కార్యాలయం ఆమోదించిన పిమ్మట సదరు తల విడుదల విషయం పరిశీలించబడును."

ఈ ఉత్తర్వు గురించి ఏసోబు భార్య సారమ్మకు ఆ సాయంత్రం తెలిసింది. జూలై 9, బుధవారం మధ్యాహ్నం రెండు ముప్పై ఐదుకు ఒంగోలులో రైలు ఎక్కడానికి ఆమె దగ్గర రెండు టికెట్లున్నాయి. ఆమె అన్న ఖరగ్‌పూర్‌లో రైల్వేలో పనిచేసి అక్కడే ఉండిపోయాడు. అన్నను చూసి పందొమ్మిదేళ్ళయింది. రోజూ ఊరికి నీళ్ళు వదలాలి కాబట్టి ముప్పై మూడేళ్ళలో ఏసోబు వరసగా రెండు రాత్రులు ఊరు విడిచి ఉండలేదు. అతను లేకుండా ఆమె కదలలేదు.

జూలై 1న పదిన్నరకు సారమ్మ కమిషనర్ గదిలోకి వెళ్ళింది.

"అయ్యా, మా ఆయన తల మీ సొత్తంట?"

"కూర్చోమ్మా. అది సాంకేతికంగా..."

"ముప్పై ఐదేళ్ళు ఆ తలకి నూనె రాసింది నేను. చుండ్రు పడితే నిమ్మకాయ రుద్దింది నేను. మీ రిజిస్టరు రుద్దిందా?"

కమిషనర్ ఉత్తర్వు ఇంకోసారి చదివారు. "నిర్వహణ మీదేనమ్మా. అందులో మేం కలగజేసుకోం. యాజమాన్యం మాత్రం మునిసిపాలిటీది."

"సరే, తల మీరు ఉంచుకోండి. మిగతా మనిషిని పంపించండి. మా అన్నకి మొహం చూపించాల. మొహం యాడుందో మీరే చెప్పండి."

మొహం తలలో భాగమా కాదా అన్నది కమిషనర్ న్యాయ సలహాకు పంపారు.

ఈలోగా ఊరికి నీళ్ళు ఆగకూడదు. ఏసోబు స్థానంలో నూర్జహాన్‌ను వేశారు. ఆమెకు ముప్పై ఒకటి. అంతకు ముందు ఏడేళ్ళు వీధి దీపాల విభాగంలో చేసింది. నక్షా ఉన్నందున ఆమె ప్రత్యేకంగా నేర్చుకోవలసిన పని లేదని ఉత్తర్వులో ఉంది. ఆమె పని కీ మోయడం, చూపిన చోట తిప్పడం. ఏసోబు పని చోటు చూపడం. పదవీ విరమణ చేసినవాడు స్టోరు సామాను ముట్టకూడదు కనుక అతను కీ తిరిగి ఇచ్చేసి రసీదు తీసుకున్నాడు.

జూలై 1 తెల్లారి ఐదింటికి ఇద్దరూ ట్యాంకు దగ్గర బయల్దేరారు. ఏసోబు చేతులు ఊపుకుంటూ నాలుగు వీధులు నడిచి, ఆగి, అటూ ఇటూ చూసి, వెనక్కి వచ్చి, మళ్ళీ నడిచాడు. ఆరున్నర దాకా ఒక్క వాల్వూ దొరకలేదు. ఆడవాళ్ళు బిందెలతో బయట నిలబడ్డారు.

"ఏంది బాబాయ్, మర్చిపోయావా?" అంది నూర్జహాన్.

"మర్చిపోలేదు తల్లీ. అందట్లేదు," అన్నాడు ఏసోబు. "ఆ కీ ఇటియ్యి. భుజాన లేకపోతే నాకు ఊరు తెలవట్లా."

ఆమె వీధి చివరిదాకా చూసింది. ఆఫీసు వాళ్ళెవరూ లేరు. కీ తీసి అతని కుడి భుజాన పెట్టింది. ఏసోబు రెండడుగులు వేసి ఎడమకు తిరిగాడు, పద్నాలుగు అడుగులు వేశాడు, చెప్పుతో దుమ్ము తోశాడు. రాతిపలక కనబడింది.

ఆ రోజు నుంచి తొమ్మిది రోజులు కీ ఏసోబు మోశాడు. నూర్జహాన్ వెనకాల నడిచింది. పలక దగ్గరికి రాగానే కీ ఆమె చేతికిచ్చేవాడు, తిప్పాక మళ్ళీ భుజానికి ఎత్తుకునేవాడు. ఐదో రోజుకు, "ఆగు బాబాయ్, నేను చెప్తా," అని ఆమె ముందు నడవడం మొదలుపెట్టింది. తప్పితే అతను గొంతు సవరించుకునేవాడు. ఆరో రోజు పదకొండుసార్లు సవరించుకున్నాడు. తొమ్మిదో రోజు రెండుసార్లు. ఇది ఏ ఫైలులోనూ లేదు.

ఆఫీసులో మాత్రం వేరే ప్రయత్నం జరిగింది. జూలై 4న కమిటీ వేసి ఏసోబును కుర్చీలో కూర్చోబెట్టి, నూట అరవై నాలుగు వాల్వులూ నంబరు వారీగా చెప్పమన్నారు.

"నంబర్లు నాకు తెలవవు సార్. నడుద్దాం రండి, చెప్తా."

"కమిటీ నడవదు," అన్నాడు సుధీంద్ర.

కమిటీ గంటన్నర కూర్చుంది. ఏసోబు నాలుగు వాల్వులు చెప్పాడు. చెప్పేటప్పుడు బల్ల కింద పాదాలు కదులుతున్నాయని, ఇది క్రమశిక్షణ కాదని కమిటీ నమోదు చేసింది.

జూలై 8న పై కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. "నక్షా ఆమోదించడమైనది. ఇట్టి వినూత్న ప్రయత్నాన్ని అన్ని మునిసిపాలిటీలు ఆదర్శంగా తీసుకొనవలెను. నక్షా మేరకు ఒకచోట తవ్వి, పైపు చూపుతూ ఫోటోలు పంపవలెను." నక్షా ఆమోదం పొందింది కనుక అసలు ప్రతి అవసరం తీరింది. 9వ తేదీ ఉదయం పది ఇరవైకి కమిషనర్ విడుదల ఉత్తర్వు మీద సంతకం చేశారు. గోవర్ధన్ 211వ పేజీలో "మిగులు" అని రాశాడు.

"గొడుగు తిరిగియ్యాలా సామీ?" అని ఏసోబు అడిగాడు.

"గొడుగు రిజిస్టరు వేరే. దాని క్లర్కు సెలవులో ఉన్నాడు. తీసుకుపో," అన్నాడు గోవర్ధన్.

పది నలభై ఐదు బస్సుకు ఏసోబు, సారమ్మ ఒంగోలు వెళ్ళారు.

పన్నెండున్నరకు ఆఫీసు ఎదురుగా జేసీబీ దిగింది. ఫ్లెక్సీలో కుడిచెవి వైపు నుంచి వచ్చే తెల్లగీత ఒకటి సరిగ్గా ఆఫీసు ముందు సన్నబడుతుంది. అక్కడ పైపు చిన్నది కనుక తవ్వడం తేలికని సుధీంద్ర లెక్కగట్టాడు. ఫోటోగ్రాఫరు వచ్చాడు. కమిషనర్ టెంకాయ కొట్టారు. ఒంటిగంటా ఇరవైకి జేసీబీ పన్ను పైపుకు తగిలింది.

అది చిన్న పైపు కాదు. ట్యాంకు నుంచి ఊళ్ళోకి వచ్చే పెద్ద పైపు. మొదటి ఫోటోలో నీళ్ళు రెండో అంతస్తు కిటికీ దాకా ఎగిసి ఉన్నాయి. రెండో ఫోటో లేదు.

పెద్ద పైపుకు పెద్ద వాల్వు ఒకటుంది. దాన్ని రోజూ తిప్పే పని లేదు. చివరిసారి తిప్పింది పదహారేళ్ళ క్రితం. నూర్జహాన్ ఆ తొమ్మిది రోజుల్లో దాని దగ్గరికి వెళ్ళలేదు. సుధీంద్ర ఫ్లెక్సీ ముందు నిలబడి ఇరవై నిమిషాలు వెతికాడు. ఈలోగా నీళ్ళు ఆఫీసు మెట్లెక్కి, జనన మరణాల విభాగం దాటి, కమిషనర్ గదిలోకి వచ్చాయి. కమిషనర్ కుర్చీ మీదికి కాళ్ళు తీసుకున్నారు.

"తలని పిలిపించండి," అన్నారు.

"విడుదల చేశాం సార్."

"ఫోన్ చెయ్యండయ్యా!"

ఒంటిగంటా యాభై ఎనిమిదికి నూర్జహాన్ ఫోన్ చేసింది. ఆమె స్పీకరు పెట్టింది కాబట్టి ఇటు జరిగింది చాలామంది విన్నారు. ఒంగోలు రెండో ప్లాట్‌ఫారం మీద జరిగింది సారమ్మ, ఇద్దరు కూలీలు చెప్పారు.

"బాబాయ్, పెద్ద వాల్వు యాడుంది? ఆఫీసు ముందు పైపు పగిలింది."

"ఆఫీసు కాడ ఉన్నావా?"

"ఆఫీసు కాడే."

"ఆడ్నించి నాకు రాదు తల్లీ. ట్యాంకు కాడికి పో."

"ట్యాంకుకా? ఈడ మునిగిపోతన్నాం!"

"ట్యాంకు కాడ్నించే వచ్చిద్ది. బండెక్కి పో."

సుధీంద్ర బండి మీద ఆమెను ట్యాంకు దగ్గర దించేసరికి రెండు గంటల ఏడు నిమిషాలైంది. ప్లాట్‌ఫారం మీద ఏసోబు లేచి, మునిసిపాలిటీ గొడుగు మడిచి కుడి భుజాన పెట్టుకున్నాడు. ఎడమ చేత్తో ఫోను చెవికి పెట్టుకున్నాడు. కళ్ళు మూశాడు.

"ఏమయ్యా, యాడికి?" అంది సారమ్మ. "రైలొచ్చే టైము."

"ట్యాంకు కాడ్నించి ఆఫీసుకి."

సారమ్మ ఒక్క క్షణం చూసి, సంచీలు కూలీల దగ్గర పెట్టి, అతని మోచెయ్యి పట్టుకుంది. "నడువు. మనుషులు అడ్డం రాకుండా నేను చూస్తా."

"గేటుకి వీపు పెట్టావా తల్లీ? కీ కుడి భుజాన ఉందా? సోడా కొట్టు దాకా రెండొందల పది అడుగులు. నా అడుగులు."

"నీ అడుగు నాకు తెలుసు బాబాయ్. సోడా కొట్టు లేదు, సెల్‌ఫోన్ల షాపు ఉంది."

"కొట్టు పోయినా అడుగులు యాడికి పోతయ్యి? నడువు."

ఇద్దరూ నడిచారు, డెబ్భై ఒక్క కిలోమీటర్ల దూరంలో. రెండొందల పది దగ్గర ఏసోబు ఎడమకు తిరిగాడు. సారమ్మ అతన్ని పట్టాల మీదికి పోకుండా వెనక్కి తిప్పి, ప్లాట్‌ఫారం వెంట పెట్టింది. ఇటు నూర్జహాన్ వెనకాల యాభై మంది చేరారు.

"ఇప్పుడు ఆదెమ్మ అరుగు రావాల. ఆడ కీ ఎడమ భుజానికి మార్చుకుంటా నేను."

"అరుగు యాడ బాబాయ్? రోడ్డు వెడల్పులో కొట్టేశారు."

ఎనభై నాలుగేళ్ళ ఆదెమ్మ సిమెంటు రోడ్డు అంచున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. "అరుగు ఇదేనే అమ్మాయ్, నా కుర్చీ కింద. వాళ్ళు కొట్టేశారని నేను లేస్తానా?" అంది. ఫోను వైపు వంగి, "ఏసోబూ, మొన్నటి నీళ్ళు ఎర్రగా వచ్చినయ్యిరా," అంది.

"రేపు బాగొస్తయ్యి అమ్మా. నూర్జహానూ, భుజం మార్చావా?"

"మార్చా."

ఏసోబు గొడుగు ఎడమ భుజానికి మార్చుకున్నాడు. ఒక కూలీ సారమ్మను అడిగాడు, పెద్దాయనకు ఏమైందని. "ఏం కాలా. డ్యూటీలో ఉన్నాడు. పక్కకి జరుగు," అంది.

రెండు ముప్పై మూడుకు రైలు వచ్చింది. ఏసోబు అప్పుడు ఆఫీసు ప్రహరీ వెంట నూట నలభై ఆరు అడుగుల్లో నూట ముప్పై ఐదో అడుగు దగ్గర ఉన్నాడు. కళ్ళు తెరవలేదు.

"ఇంకెన్ని?" అంది సారమ్మ.

"పదకొండు."

"రైల్లో నడువు."

కూలీలు సంచీలు ఎక్కించారు. సారమ్మ ముందు ఎక్కి అతన్ని చెయ్యి పట్టి లాగింది. పెట్టె నడవలో ఏసోబు పదకొండు అడుగులు నడిచాడు. సీట్లవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు. పదకొండో అడుగు దగ్గర ఆగి, చెప్పుతో నేల తుడిచాడు.

"ఇదే," అన్నాడు. "కాలి కింద ఉంది, చూడు."

మునగలేరులో నూర్జహాన్ మోకాలి లోతు నీళ్ళలో ఆగి, కాలితో తడిమి, పైకి చూసింది. ఆమె ముందు పన్నెండు అడుగుల ఫ్లెక్సీ ఉంది. చట్రం ఎడమ కాలు రాతిపలక మీద ఉంది.

"బాబాయ్, నక్షా దాని మీదే పాతారు."

ఏసోబు ఏదో అన్నాడు కానీ రైలు కదిలింది, లైను తెగింది. ఎన్ని చుట్లు తిప్పాలో ఆమె అడగలేదు. జేసీబీ ఫ్లెక్సీని పీకింది. నూర్జహాన్ పలక లేపి, కీ దించి, గూడు తగులుకునేదాకా అటూ ఇటూ కదిపి, కుడి వైపు తిప్పడం మొదలుపెట్టింది. మొదటి తొమ్మిది చుట్లూ సుధీంద్ర పిడి రెండో వైపు పట్టుకున్నాడు. తర్వాత ఆమె వదలమంది. "బిగుసుకునేది చేతికి తెలవాల సార్. మీరు పట్టుకుంటే తెలవట్లా," అంది. ఇరవై రెండో చుట్టు దగ్గర ఆగింది. రెండు నలభై నాలుగుకు నీళ్ళు ఆగాయి.

మర్నాడు పైపుకు అతుకు వేశారు. జూలై 11 తెల్లారి ఐదింటికి నూర్జహాన్ ఒక్కతే ట్యాంకు దగ్గర బయల్దేరింది. ఎనిమిదిన్నరకల్లా ఆ రోజు వంతు సగం ఊరికి నీళ్ళు అందాయి. ఆదెమ్మకు తెల్లగా వచ్చాయి. పద్నాలుగో వార్డుకు ఎప్పటిలాగే తక్కువ వచ్చాయి.

ఫ్లెక్సీని రెండడుగులు పక్కకు జరిపి మళ్ళీ పాతారు. ఘటన మీద నివేదికలో, తవ్వకం నక్షా ప్రకారమే జరిగిందని, పైపు కనబడిందని, కావున నక్షా రుజువైందని ఉంది.

జూలై 12న సారమ్మ ఖరగ్‌పూర్ నుంచి నూర్జహాన్‌కు ఫోన్ చేసింది. అన్న బాగున్నాడని, పందొమ్మిదేళ్ళ మాటలు రెండు రోజుల్లో అవ్వలేదని చెప్పింది. ఏసోబు పొద్దున వీధి చివర కొట్టుకు పాల ప్యాకెట్టు కోసం వెళ్ళి గంటన్నర తప్పిపోయాడని కూడా చెప్పింది. గొడుగు ఇంట్లో మర్చిపోయి వెళ్ళాడు.

జూలై 14, సోమవారం ఉదయం పదకొండింటికి గోవర్ధన్ రిజిస్టరు, పెయింటు డబ్బా పట్టుకుని నూర్జహాన్ కోసం వచ్చాడు. ఆమె పందొమ్మిదో వార్డులో ఉందని తెలిసి తిరిగి వెళ్ళాడు. నంబరు ఇంకా రాయలేదు. 211వ పేజీలో ఏసోబు పేరు ఎదురుగా ఉన్న "మిగులు" కింద మాత్రం కొత్త వరస ఒకటి చేరింది: "తల, ఒకటి. స్థితి: కొత్తది."